చూసి రాసిన సముద్రం

పెళ్ళయిన ఏడేళ్ళకు నా భర్త వ్లాహోతో కలిసి ఒకే ఇంట్లో ఒక ఎండాకాలమంతా గడిపాను. నవ్వకండి, మా చదువులు చదివినవాళ్ళకు ఇది మామూలే. వ్లాహోది కాంతిశాస్త్రం. మాలి స్తోన్ ఖాతం ఒడ్డున, వాళ్ళ సొంత ఊళ్ళోనే, ఒక చిన్న సముద్ర పరిశోధన కేంద్రంలో అతనికి పని దొరికింది. నాది సముద్రపు నీటి రసాయనాన్ని కంప్యూటర్లో లెక్కగట్టి రేపెలా ఉంటుందో చెప్పే పని. అది దూరాన రాజధాని జాగ్రెబ్‌లో ఉంది. ఇద్దరికీ ఒకే ఊళ్ళో ఉద్యోగమంటే మొగుడికీ పెళ్ళానికీ ఒకేసారి లాటరీ తగలడమే. అందుకని పండగలకు అతను జాగ్రెబ్ వచ్చేవాడు, మిగతా రోజుల్లో ఫోనులో అంకెలు చెప్పుకునేవాళ్ళం. అది ప్రేమ కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ ఏడు మే నెలలో మా ఇద్దరినీ ఒకే పనిలో వేశారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ సముద్రం కొద్దికొద్దిగా పుల్లబడుతోంది. నీళ్ళు మరీ పుల్లబడితే ఆల్చిప్ప పిల్లలకు పెంకు సరిగ్గా కట్టదు. ఖాతం చుట్టూ సగం జనం ఆల్చిప్పల మీదే బతుకుతారు. వ్లాహో తన పరికరంతో ఆ పులుపును కొలవాలి. నేను నా లెక్కతో అదే పులుపును విడిగా చెప్పాలి. సెప్టెంబరులో స్ప్లిట్ నగరంలోని ప్రధాన సంస్థ నుంచి పెద్దలు వచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. దేనికదిగా బయల్దేరి రెండూ ఒకే చోటికి చేరితే నాకు ఆ కేంద్రంలోనే ఉద్యోగం. చేరకపోతే అక్టోబరులో మళ్ళీ జాగ్రెబ్ బస్సు. ఆ బస్సెక్కాలని నాకు ఏ కోశానా లేదు.

ఇంట్లో మాతో పాటు మా అత్తగారు ఫ్రానిత్సా ఉండేది. మామగారు పడవలు బాగుచేసేవారు, ఆయన పోయి చాలా కాలమైంది. అత్తగారేమో గణితంలో ప్రొఫెసరు. కొలతల్లో దొర్లే తప్పుల మీదే జీవితమంతా పరిశోధన చేసిన మనిషి. నాకు అత్తగారు కాకముందు జాగ్రెబ్‌లో నాకు పాఠం చెప్పింది. దిద్దిన పరీక్ష పేపరు తెచ్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళి కొడుకును తెచ్చుకున్నాను. మా విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్లు ఆడపిల్లల్ని ‘కొలెగిత్సా’ అంటారు, అంటే సహోద్యోగీ అని. ‘మీరు’ అనే పిలుస్తారు. అత్తగారు ఆ అలవాటు మానలేదు. ఇంటి మాటలకు ‘నువ్వు’, లెక్కల మాటలకు ‘మీరు’. ఏ నిమిషానికి ఎవరి ఎదుట కూర్చున్నానో ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయేది.

“వచ్చావా తల్లీ, బస్సులో తల తిరిగిందా?” అంది నేను పెట్టె దించగానే. “ఆకుకూరా బంగాళాదుంపా కలిపి చేశాను. చేపలు వాడు కాలుస్తున్నాడు. ముందు తిను.”

రెండు ముద్దలు తిన్నానో లేదో, “మీ లెక్కలో గాలి సంగతి ఎక్కడి నుంచి తీసుకుంటున్నారు, కొలెగిత్సా?” అంది.

నేను ఫోర్కు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాను.

“అమ్మా, తిననియ్యి,” అన్నాడు వ్లాహో పొగలోంచి.

“తినొద్దన్నానా? తింటూ చెప్పొచ్చు.”

వ్లాహో పరికరం ఖాతం మధ్యలో, ఆల్చిప్పల తాళ్ళ పక్కన, ఒక తేలుడు పీపాకు వేలాడేది. కొంచెం సముద్రపు నీళ్ళు పీల్చుకుని, అందులో రంగుమందు చుక్క వేసుకుంటుంది. నీటి గుణాన్ని బట్టి ఆ రంగు పసుపుకో ఊదాకో మొగ్గుతుంది. దానిలోంచి రెండు రకాల కాంతిని పంపి, ఏది ఎంత బయటికి వచ్చిందో చూసి పులుపు చెబుతుంది. పగలంతా నీడపట్టున వేలాడుతూ రంగు నీళ్ళు పుచ్చుకుంటుంది కాబట్టి ఊళ్ళోవాళ్ళు దానికి దొరగారని పేరు పెట్టారు. నా లెక్కను జోస్యం అనేవాళ్ళు. దాని గురించి నేను చాలాసార్లు పోట్లాడి ఊరుకున్నాను.

జూన్‌లో దొరగారికీ జోస్యానికీ అస్సలు పడలేదు. ఆయన ఒకటంటే అది ఇంకొకటి అనేది. భోజనాల దగ్గర మా ఇద్దరికీ అదే గొడవ. నీ దీపం పాతబడిందని నేనూ, నీ సముద్రంలో అలలే లేవని అతనూ. చేపముల్లు తీసుకుంటూ కూడా తిట్టుకునేవాళ్ళం. అయినా నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. ఇన్నాళ్ళూ ఫోను పెట్టేస్తే తెగిపోయే తగాదా ఇప్పుడు గిన్నెలు కడిగేదాకా, ఈతకు వెళ్ళి వచ్చేదాకా సాగేది.

జులైలో రెండూ దగ్గరపడసాగాయి. ఆ నెల నుంచి రోజూ పొద్దున్నే నా లెక్క దొరగారి కొలతలు కొన్ని చూసుకుని తన దారి కొంచెం సర్దుకునేది. వాతావరణం చెప్పేవాళ్ళూ చేసేది అదే. మిగతా కొలతలను ముట్టుకోకుండా పక్కన పెట్టి, వాటితో పోల్చి చూసేదాన్ని. వారం వారం తేడా తగ్గుతూ వచ్చింది. ఆగస్టు నాటికి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి, వేరు చేయడానికి కళ్ళు చికిలించాల్సి వచ్చేది.

పక్కింటి బార్బా బాల్దో ఆల్చిప్పలు పెంచుతాడు. మా వైపు పెద్దవాళ్ళను బార్బా అనే పిలుస్తాం. సాయంత్రం పడవ కట్టేసి మా గోడ మీదికి వంగి పలకరించేవాడు.

“ఏమ్మా మిర్నా, ఇవాళ దొరగారేం సెలవిచ్చారు?”

“నిన్నటిదే బార్బా.”

“మరి నీ జోస్యం?”

“అదీ అదే చెప్పింది.”

“మొగుడూ పెళ్ళాం ఇన్నాళ్ళు ఒకే మాట మీదుండటం ఈ రేవులో నేను చూళ్ళేదు,” అనేవాడు. “ఇందులో ఏదో ఉందర్రా.”

అందరం నవ్వుకునేవాళ్ళం.

సెప్టెంబరు మొదటి ఆదివారం పండగ చేసుకున్నాం. అత్తగారు ద్రాక్షసారాలో నెమ్మదిగా ఉడికించిన మాంసం చేసింది. వ్లాహో తియ్యటి ప్రోషెక్ సీసా తీశాడు. నేను కంప్యూటరు తెచ్చి అరుగు మీద బల్లపై పెట్టాను. ఆ పొద్దున్నే జూగో మొదలైంది. ఆగ్నేయం నుంచి వచ్చే ఆ వెచ్చటి తడిగాలికి బట్టలు ఆరవు, తల దిమ్మెక్కుతుంది, మంచివాళ్ళు కూడా కస్సుమంటారు. నాకు మాత్రం ఆ రోజు గాలి తెలియనే లేదు.

“చూడండత్తయ్యా, రెండూ కలిసిపోయాయి,” అన్నాను.

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుంది. “బాగుంది. చాలా బాగుంది,” అంది. తర్వాత, “తేడాలు చూపించండి, కొలెగిత్సా,” అంది.

నా చెయ్యి గ్లాసు మీంచి దానంతటదే వచ్చేసింది.

“తేడాలు లేవమ్మా, అదే కదా సంతోషం,” అన్నాడు వ్లాహో.

“ప్రతి కొలతలోనూ తప్పుంటుంది, ప్రతి లెక్కలోనూ తప్పుంటుంది. కలిసింది నాకెందుకు? మీ ఇద్దరి తప్పులూ ఏమయ్యాయో చూపించండి.”

చూపించాను. అసలు గీతలు తీసేసి, మిగిలిన చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళను పెద్దవి చేసి పెట్టాను. ఆవిడ ముందుకు వంగి చాలాసేపు చూసింది. మాంసం మీద ఈగ వాలితే వ్లాహో తోలాడు.

“నా ఉద్యోగమంతా పరీక్ష హాళ్ళలో తిరిగాను,” అంది చివరికి. “ఇద్దరు పిల్లలు ఒకే ఒప్పు రాస్తే నేను ఆగేదాన్ని కాదు. ఒకే తప్పు రాస్తే మాత్రం ఆ బెంచీ దగ్గరే నిలబడేదాన్ని. ఇక్కడ చూడండి. ఈ రోజు దొరగారు కొంచెం తూలారు. మర్నాడు మీ లెక్కా తూలింది. సరే, మీరు పొద్దున్నే ఆయన్ని చూసుకుంటారు కాబట్టి అర్థముంది. కానీ ఆ తర్వాత రోజు మీ తూలుడు చూసి దొరగారు ఇంకా తూలారు. నీళ్ళలో వేలాడే డబ్బాకు మీ కంప్యూటర్లో సంగతి ఎట్లా తెలిసింది?”

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఎవరు ఎవరి దాంట్లో చూసి రాశారు?”

“నేను కాదు,” అన్నాను నేను.

“నేను కాదు,” అన్నాడు వ్లాహో నాతో పాటే. తర్వాత ఫోర్కు కింద పెట్టాడు. “ఉప్పు,” అన్నాడు.

“బల్ల మీదే ఉంది,” అన్నాను.

“ఆ ఉప్పు కాదు.”

రంగును బట్టి పులుపు చెప్పాలంటే నీళ్ళలో ఉప్పెంతుందో ముందు తెలియాలి. మేలో దొరగారి ఉప్పు కొలిచే మొన మీద నత్తలూ నాచూ పట్టి అది పనికిరాకుండా పోయింది. కొత్తది వచ్చేదాకా ఎలా అని వ్లాహో నా లెక్కలోంచి ఉప్పు తీసుకునేలా తన ప్రోగ్రాములో ఒక్క వరుస రాశాడు. పక్కన ‘తాత్కాలికం’ అని కూడా రాశాడు. మా లోకంలో తాత్కాలికం అని రాసిన వరుసకు చావుండదు.

“కొత్తది రాలేదా?” అంది అత్తగారు.

“వచ్చింది.”

“ఎప్పుడు?”

“జులైలో.”

“ఎక్కడుంది?”

“స్టోర్ రూములో ఉంది. అన్నీ కలుస్తున్నాయి కదా అని పెట్టె విప్పలేదు.”

ఇక నా వంతు. “నా లెక్క పొద్దున్నే సర్దుకునేటప్పుడు పులుపుతో పాటు ఉప్పును కూడా సర్దుతుంది,” అన్నాను.

వ్లాహో నా వైపు తిరిగాడు. “ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు. నా దగ్గర ఉప్పు తీసుకుంటున్నావని నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వూ అడగలేదు.”

రెండు నెలలు మా లెక్కలు బస్సులో నిద్రపోయే ఇద్దరిలా ఒకదాని భుజం మీద ఒకటి వాలి, రెండూ కలిసి సీటు మీంచి జారుతూ వచ్చాయన్నమాట. అంత చక్కగా కలిసింది సముద్రంతో కాదు, మాలో మేమే.

“చల్లారిపోతోంది, తిను తల్లీ,” అంది అత్తగారు కళ్ళద్దాలు తీసేసి.

“రేపు పొద్దున్నే స్ప్లిట్‌కు ఫోన్ చేసి చెప్పేద్దాం,” అన్నాడు వ్లాహో.

“ఆగు,” అన్నాను. ఆ మాట అనగానే నాకే సిగ్గేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

“ఇవాళ జూగో,” అంది అత్తగారు. “ఈ ఇంట్లో జూగోలో నిర్ణయాలుండవు.”

అది మామగారి తాతల నాటి పద్ధతి. జూగో వీచినన్నాళ్ళూ పెళ్ళి మాటలుండవు, పడవ కొనడం ఉండదు, కోర్టు గుమ్మం ఎక్కడం ఉండదు. సంభావ్యత శాస్త్రంలో అంత పేరున్న మనిషి దీన్ని ఎలా నమ్ముతుందని పెళ్ళయిన కొత్తలో అడిగాను. నమ్మడం కాదు, పాటించడం అంది.

నిర్ణయం లేకపోయినా పని ఆగలేదు. మర్నాడే వ్లాహో కొత్త మొన బిగించాడు, ఆ ఒక్క వరుసనూ కొట్టేశాడు. నేను నా లెక్కను దొరగారి వైపు చూడనివ్వకుండా మే నుంచి మళ్ళీ నడిపించాను. ఇక చూడాలి, గీతలు రెండూ పోట్లాడి వేరుపడ్డ అన్నదమ్ముల్లా విడిపోయాయి. మధ్యలో తేడా చిన్నది కాదు, తగ్గేలానూ లేదు. నేను కంప్యూటరు మూసి వంటింట్లోకి వెళ్ళాను.

అత్తగారు జాము కోసం అత్తిపళ్ళు చీలుస్తోంది. నేనూ ఒక కత్తి తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. బయట చినుకులు పడుతున్నాయి.

“అత్తయ్యా, గీతలు కలిసిన ఆ బొమ్మ ఆగస్టులోనే స్ప్లిట్‌కు పంపేశాం. చూసి వాళ్ళు సంతోషించారు కూడా. మనం చెప్పకపోతే ఎవరికీ తెలీదు,” అన్నాను.

ఆవిడ పండు చీలుస్తూనే ఉంది.

“నాకు జాగ్రెబ్ వెళ్ళాలని లేదు. ఆ ఫ్లాటులో వంట చేసుకుని, వంటగట్టు దగ్గర నిలబడి తినేస్తాను. ఇక్కడ మీ ముగ్గురితో గొడవపడుతూ తింటున్నాను. నాకు ఇదే కావాలి.” ముగ్గురూ అంటే దొరగారితో కలిపి.

“ఇప్పుడు ఎవర్ని అడుగుతున్నావ్?” అంది.

“అత్తగారిని.”

“అత్తగారినైతే ఉండిపో అంటాను. వాడొక్కడితో నేనెన్నాళ్ళు మాట్లాడను? పది అడిగితే ఒకటి చెప్తాడు, అదీ దీపాల గురించి.”

“ప్రొఫెసరునైతే?”

“జవాబు తెలిసిన ప్రశ్నలు నన్నడక్కండి, కొలెగిత్సా,” అంది, గిన్నె నా వైపు తోస్తూ. “తొడిమలు తీయండి.”

తొడిమలు తీస్తుండగా గుమ్మంలో బార్బా బాల్దో కనబడ్డాడు, టోపీలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“మిర్నా, ఆల్చిప్ప పిల్లల్ని ఈసారి మీ పీపా పక్కనే వేలాడదీద్దామనుకుంటున్నా. అక్కడ నీళ్ళు నిలకడగా ఉన్నాయని మీరిద్దరూ ఒకే మాటన్నారు కదా. వేసెయ్యనా?”

నా చేతిలో అత్తిపండు నలిగింది. అత్తగారు తలెత్తలేదు, వినలేదన్నట్టు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

“జూగో పోయాక చెప్తా బార్బా,” అన్నాను.

“అవునవును, జూగోలో అడిగాను చూడు, నాది బుద్ధి తక్కువ,” అని అతను వెళ్ళిపోయాడు. అతనికి అందులో తప్పేమీ కనబడలేదు. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

జూగో పోయి, కొండల మీంచి బూరా అనే చల్లటి పొడిగాలి దిగిన పొద్దున ఇంట్లో తలుపులన్నీ ఒకేసారి కొట్టుకున్నాయి. ఆకాశం కడిగినట్టుంది. అత్తగారు అప్పటికే దుప్పట్లు తీగ మీద వేసేసింది. కాఫీ దగ్గర కూర్చున్నాం.

“చెప్పేద్దాం,” అన్నాను.

“నేను ఆదివారమే అన్నాను,” అన్నాడు వ్లాహో.

“ఆదివారం జూగో.”

అతను నా కప్పులో పాలు పోశాడు. “జాగ్రెబ్‌లో కాంతి పని దొరుకుతుందేమో చూస్తాలే,” అన్నాడు, పొడి బట్టలు తెస్తానన్నంత మామూలుగా. తర్వాత కప్పు ఖాళీ చేసి, గాలి తగ్గాక కొత్త మొన తీగ ఎక్కడైనా చిక్కుకుందేమో చూసొస్తానని రేవుకు వెళ్ళాడు. ఏడేళ్ళలో అతను ఈ ఖాతాన్ని వదిలి వస్తానని అనడం నేను విననే లేదు. నేను అక్కడే కూర్చుని దుప్పట్లు ఎగరడం చూస్తూ ఉండిపోయాను. స్ప్లిట్‌కు ఫోన్ చేస్తే, మీటింగు బుధవారమే, అంతా అక్కడే చెప్పండి అన్నారు.

మధ్యాహ్నం వ్లాహో ఒంటి మీద నీళ్ళు కారుతుండగానే అరుగు మీదికి వచ్చేశాడు.

“మిర్నా, అడుగున నీళ్ళు వణుకుతున్నాయి.”

“చలికా?” అంది అత్తగారు.

“కాదమ్మా, నిజంగానే. ఎండాకాలంలో తారు రోడ్డు మీద గాలి అల్లాడినట్టు, కింద రాళ్ళన్నీ అల్లాడుతున్నాయి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళలో కలిసే చోట కాంతి వంకర పోతుంది. అక్కడ ఊట ఉంది. చెయ్యి పెట్టాను, ఐసులా ఉంది.”

ఖాతం అడుగున సున్నపురాయి సందుల్లోంచి మంచినీటి ఊటలు వస్తాయని ఇక్కడ అందరికీ తెలుసు. ఎండాకాలం ఎండిపోతాయని కూడా అందరికీ తెలుసు.

“ఊటలు వేసవిలో ఉండవు కదా,” అన్నాను.

“ఎవరు చెప్పారు?”

“బార్బా బాల్దో చెప్పాడు, నువ్వూ చెప్పావు.”

“నాకు మా నాన్న చెప్పాడు,” అన్నాడు. “నీ లెక్కలో ఉన్నాయా?”

“జూన్‌లోనే మూసేశాను.”

ఇద్దరం కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాం. అతని బట్టల్లోంచి కారిన నీళ్ళకు అత్తగారు ఏదో అంటూనే ఉంది. పీపా కింద చిన్న ఊట ఒకటి తెరిచి, సున్నం కరిగిన మంచినీళ్ళు కొద్దిగా వదిలి, లెక్కను మళ్ళీ నడిపించాను. గీతలు దగ్గరికి జరిగాయి. సగం తేడా పోయింది. మిగతా సగం ఎందుకో మాకు తెలియలేదు. ఊటను ఇంకొంచెం పెద్దది చేద్దామా అని నా వేలు మీట మీదికి వెళ్ళింది. వెనకాల అత్తగారు గొంతు సవరించుకుంది. వేలు తీసేశాను.

బుధవారం స్ప్లిట్ నుంచి వచ్చిన ముగ్గురికీ పెద్ద డాక్టర్ నేదా, పొట్టి జుట్టు, గట్టి గొంతు. కేంద్రంలో గది చిన్నదని మా అరుగు మీదే కూర్చున్నారు. అత్తగారు కాఫీ పళ్ళెంతో రాగానే నేదా చటుక్కున లేచి నిలబడింది.

“కూర్చోండి కొలెగిత్సా,” అంది అత్తగారు. ఆవిడ కూర్చుంది.

నేను ముందే అనుకున్న మాటలన్నీ మరిచిపోయాను. “మీకు పంపిన బొమ్మ తప్పు. మా లెక్కలు కలవలేదు, ఒకరిని చూసి ఒకరు రాశాం,” అన్నాను. ఉప్పు సంగతీ, తాత్కాలికపు వరుసా, విప్పని పెట్టె, అన్నీ చెప్పాను. వ్లాహో పక్కనే నిలబడి, తన వంతు వచ్చినప్పుడల్లా “అది నేనే” అన్నాడు.

నేదా అత్తగారి వైపు చూసింది. “ప్రొఫెసర్ పట్టుకున్నారా?”

“పట్టుకున్నాను.”

“నన్నూ పట్టుకున్నారు, రెండో సంవత్సరంలో,” అంది నేదా తన పక్కవాళ్ళతో. వాళ్ళు నవ్వాలో వద్దో తెలియక కాఫీ తాగారు. “సరే. ఇప్పుడు విడివిడిగా ఎంత తేడా ఉంది?”

చూపించాను. “ఇందులో సగానికి కారణం ఊట. మిగతా సగం మాకు తెలీదు,” అన్నాను.

“ఎండాకాలంలో ఊటేంటి?”

“వణుకుతోంది,” అన్నాడు వ్లాహో. “చూస్తారా?”

బార్బా బాల్దో పడవలో అందరం వెళ్ళాం. నేదా అద్దాల ముసుగు పెట్టుకుని పడవ అంచు మీంచి తల నీళ్ళలో ముంచింది. స్ప్లిట్ నుంచి వచ్చినవాళ్ళలో ఒకాయన ఆవిడ బెల్టు పట్టుకున్నాడు. ఎంతకీ పైకి రాలేదు. వచ్చాక జుట్టు పిండుకుని, “ఇంకోసారి,” అని మళ్ళీ ముంచింది.

“ఊట ఉందా?” అన్నాడు బాల్దో నమ్మకం లేకుండా.

“ఉంది బార్బా. ఆల్చిప్ప పిల్లల్ని ఇప్పుడే ఇక్కడ వెయ్యకండి,” అన్నాను. అంతసేపటిలో నాకు గుండె తేలికైంది అప్పుడే.

ఆ తర్వాత వారమంతా ఫోను మోగినప్పుడల్లా ముగ్గురం లేచేవాళ్ళం. మోగింది చాలావరకు అత్తగారి చెల్లెలు. చివరికి నేదా చేసింది. ఉద్యోగం ఇస్తున్నాం, శాశ్వతం కాదు, ఐదేళ్ళు, ఆ మిగతా సగం తేడా తేల్చడానికి అంది. నేను గోడకు ఆనుకున్నాను.

“ఒక షరతు. మీ అంకెలు మీ ఆయన చూడకూడదు, ఆయనవి మీరు చూడకూడదు. రెండూ ఇక్కడ మేం పోల్చుకుంటాం.”

“ఒకే ఇంట్లో ఉంటూనా?”

“ఇంట్లో మీ ఇష్టం వచ్చింది మాట్లాడుకోండి. ఖాతం గురించి మాత్రం వద్దు. కాపలాకు మనిషి అక్కడే ఉందిగా,” అని నవ్వి పెట్టేసింది.

ఆ సాయంత్రం బల్ల చుట్టూ కూర్చున్నాం. చేపలున్నాయి, ఆకుకూర ఉంది, ప్రోషెక్ మిగిలింది కూడా ఉంది. మాటలే లేవు.

“ఇవాళ పొద్దున దొర—” అన్నాడు వ్లాహో.

అత్తగారు కత్తితో గ్లాసు మీద టింగుమని కొట్టింది. “కొలెగా,” అంది. మగవాళ్ళకైతే ఆ పిలుపు అదే.

అతను నోరు మూసుకున్నాడు. నేను చేప ముల్లు తీశాను. అతను రొట్టె తుంచాడు. ఇన్నేళ్ళలో మేమిద్దరం అంకెల్లేకుండా భోజనం చేసిందే లేదని నాకు అప్పుడే తెలిసింది.

“మీరూ మామయ్యా ఏం మాట్లాడుకునేవాళ్ళత్తయ్యా? ఆయనకు లెక్కలు రావుగా,” అన్నాను.

“పక్కింటివాళ్ళ గురించి,” అంది. “చాలా ఉంటుంది.”

గోడవతల బార్బా బాల్దో దగ్గాడు. ముగ్గురం నవ్వు ఆపుకున్నాం. మళ్ళీ ఎవరికీ ఏమీ తోచలేదు. వ్లాహో తన పళ్ళెం వైపు, నా వైపు, మళ్ళీ పళ్ళెం వైపు చూశాడు.

“మిర్నా, నీకు చలెక్కువా?” అన్నాడు.

“ఏంటి?”

“ఈ ఇంట్లో చలికాలం బూరా కిటికీ సందుల్లోంచి వస్తుంది. ఉన్నది ఒక్క కట్టెల పొయ్యి. జాగ్రెబ్‌లో నీ ఫ్లాటు ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. నీకు చలి ఎంతవరకు ఆగుతుందో నాకు తెలీదు.”

“పెళ్ళై ఏడేళ్ళయింది,” అన్నాను.

“అవును. అయినా తెలీదు.”

నాకు ఉన్నట్టుండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. “అస్సలు ఆగదు. పాదాలైతే మరీను. మంచంలో కూడా మేజోళ్ళు కావాలి,” అన్నాను.

అతను పరికరం మరమ్మతు గురించి ఆలోచించినంత శ్రద్ధగా ఆలోచించాడు. “పొయ్యి గొట్టం వెళ్ళే గదైతే రాత్రంతా వెచ్చగా ఉంటుంది.”

“అది నా గది,” అంది అత్తగారు.

“తెలుసమ్మా. ఊరికే అన్నా.”

ఆవిడ గ్లాసు చివరిదాకా తాగి కింద పెట్టింది. “రేపు సామాను మార్చండి. ఆ గొట్టం చప్పుడుకు నాకెప్పుడూ నిద్ర పట్టలేదు,” అంది నాతో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “ఈ పిల్ల గురించి నీకింకా ఏమేం తెలీదురా?”

“చాలా ఉన్నాయి,” అన్నాడు వ్లాహో.

“అయితే అడుగు. ఐదేళ్ళు టైముంది.”

అతను కుర్చీ నా వైపు జరుపుకుని అడగడం మొదలుపెట్టాడు.